అక్కడికెళ్ళాక చూసుకుందాం

మంచులో బండి దిగబడిపోవడం ఈ మధ్య మన ట్రావెలాగులకి బాగా కలిసొచ్చిన సన్నివేశం. చక్రాలు గిర్రున తిరుగుతుంటాయి, బండి కదలదు, చీకటి పడుతుంటుంది. దేవుడు పంపినట్టు ఆ ఊరి మనిషి ట్రాక్టరేసుకుని వస్తాడు, లాగుతాడు, డబ్బులొద్దంటాడు, ఇంటికి తీసుకెళ్ళి టీ కూడా ఇస్తాడు. చివర్లో ‘మానవత్వం ఇంకా బతికే ఉంది’ అని ఒక వాక్యం. ఈ సన్నివేశంతో నాకు పేచీ ఉంది. ట్రాక్టరు మనిషి మంచితనంతో నాకేం గొడవ లేదు. ఆ మంచితనాన్ని తన ప్రయాణపు ఏర్పాట్లలో కలిపేసుకున్న రచయితతోనే గొడవంతా.

లోతు మంచులో, రోడ్డు లేని చోట సరదాకి బండి నడపడం మంచి ఆట. నేనూ ఆడతాను. కానీ ఆ ఆటలో సగానికి పైగా సిద్ధపడటమే. ఆ సగం ఎగ్గొట్టి వెళ్ళినవాడు సాహసం చేశాననుకుంటాడు. నిజానికి అప్పు చేస్తాడు. తీర్చేది ఇంకొకరు.

మొదటి చిక్కు మన భాషలోనే ఉంది. ధనుర్మాసంలో ముగ్గుల మీద దిగేదీ మంచే, తెల్లవారుజామున హైవే మీద కళ్ళకి అడ్డుపడేదీ మంచే, రోహ్‌తాంగ్ మీద నడుంలోతు పేరుకునేదీ మంచే. బండి నడిపేవాడికి మాత్రం ఇవన్నీ వేరువేరు సరుకులు. కొత్తగా కురిసింది పిండిలా ఉంటుంది, చక్రం దాన్ని తోడుకుంటూ కిందకి పోతుంది. గాలికి పైన పెచ్చు కట్టింది మనిషిని మోస్తుంది, బండిని మోయకపోవచ్చు. ఎండకి నానింది బరువెక్కి చక్రాలకి అడ్డం పడుతుంది. అదే రాత్రికి గాజుపలక అవుతుంది. పొద్దున గట్టిగా ఉండి మోసిన చోటే మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు బండి కూరుకుపోతుంది. ఏ మంచులోకి వెళ్తున్నాడో తెలియనివాడు ఎక్కడికి వెళ్తున్నాడో తెలియనట్టే లెక్క.

రెండోది ‘ఫోర్ బై ఫోర్ ఉందిగా’ అనే ధైర్యం. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందడం బండి ముందుకి కదలడానికి పనికొస్తుంది. ఆపడానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ ఉంటాయి. అంటే, మామూలు కారు మొదటి వంద గజాల్లోనే మొరాయించి ఇంటికి పంపించే చోట, ఫోర్ బై ఫోర్ మిమ్మల్ని ఇంకో మూడు కిలోమీటర్లు లోపలికి తీసుకెళ్ళి అక్కడ దిగబడుతుంది. సిద్ధపడనివాడికి అది చేసే ఉపకారం ఇంతే.

ఈ ఆటని మర్యాదగా ఆడే చోటు ఒకటి చెప్తాను. ఐస్‌లాండ్. అక్కడ హిమానీనదాల మీదకి వెళ్ళే బండ్లకి 38 అంగుళాల టైర్లు, ఇంకా పెద్దవి కూడా వేస్తారు. మెత్తటి మంచు వచ్చేసరికి దిగి, టైర్లలో గాలి రెండు మూడు పీఎస్ఐ దాకా తీసేస్తారు. రోడ్డు మీద మనం ముప్పై పైన ఉంచుతాం కదా, అందులో పదోవంతు కూడా కాదు. గాలి తీస్తే టైరు పొడుగ్గా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది, బండి మంచుని చీల్చకుండా దాని మీద తేలుతుంది. మామూలు ఎస్‌యూవీతో అంత సాహసం కుదరదు, టైరు రిమ్మునుంచి ఊడొస్తుంది. పదిహేను, పద్దెనిమిది దగ్గర ఆగాలి. తిరిగి రోడ్డెక్కేముందు గాలి నింపడానికి కంప్రెసర్ దగ్గరుండాలి. చూడండి, అసలు విద్య యాక్సిలరేటర్ తొక్కడంలో లేదు, దిగి చలిలో వంగి కూర్చుని గాలి తీయడంలో ఉంది. రీల్సులో మాత్రం ఇది కనపడదు.

అక్కడ చట్టం కూడా స్పష్టం. రోడ్డు వదిలి నేల మీద బండి నడపడం నిషేధం. నేల గడ్డకట్టి, మంచు గట్టిగా కప్పి ఉన్నప్పుడే మినహాయింపు. నాచు మీద పడిన చక్రపు గాటు మానడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ముందే రాసిపెట్టి వెళ్ళే ఏర్పాటు ఉంది. తప్పిపోతే వెతకడానికి వచ్చేది జీతం లేని వాలంటీర్లు. ఏడాది చివర బాణసంచా అమ్మి వాళ్ళు నిధులు పోగేసుకుంటారు. వాళ్ళ మంచితనానికీ ఖరీదుందని అక్కడ ఆడేవాళ్ళకి తెలుసు.

ఇక మన దగ్గర. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచారు. అంతకుముందు చలికాలంలో నెలల తరబడి రోహ్‌తాంగ్ అడ్డుగోడలా ఉండేది. ఇప్పుడు 9.02 కిలోమీటర్లు సొరంగంలో పోతే లాహౌల్. హైదరాబాద్ కుర్రాళ్ళు మనాలిలో అద్దెకి బండి తీసుకుని, మధ్యాహ్నానికల్లా సిస్సు అవతల మంచు మైదానంలో చక్రాలు తిప్పొచ్చు. లాహౌల్ వాళ్ళకి ఆ టన్నెల్ ఆసుపత్రికి దారి. మనకేమో సెట్టింగు. 2023 క్రిస్మస్ రద్దీలో ఒకాయన ట్రాఫిక్ తప్పించుకోవడానికి థార్‌ని చంద్రా నదిలోకే దింపాడు. పోలీసులు చలాన్ రాశారు. ఆ వీడియో కింద చప్పట్లు కొట్టినవాళ్ళూ ఉన్నారు. మరుసటి ఏడాది డిసెంబరులో సొలాంగ్‌కీ టన్నెల్‌కీ మధ్య వందల బండ్లు మంచులో ఇరుక్కుంటే పోలీసులు రాత్రంతా జనాన్ని దింపారు. అది రోడ్డు మీద. రోడ్డు దిగి పోయినవాడి సంగతి మీరే ఊహించుకోండి.

ఊహ చాలకపోతే పాకిస్తాన్‌లోని మర్రీ గుర్తు తెచ్చుకోండి. 2022 జనవరిలో మంచు చూడ్డానికి వెళ్ళిన ఇరవై మందికి పైగా ఒక్క రాత్రిలో కార్లలోనే చనిపోయారు. కొందరిని చలికంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ చంపిందన్నారు. సైలెన్సర్ పైపు మంచులో పూడిపోయి, హీటర్ కోసం ఇంజను నడుస్తూ ఉంటే, ఆ విషవాయువు లోపలికొస్తుంది. వాసన ఉండదు, నిద్రొచ్చినట్టుంటుంది. దీనికి విరుగుడు చిన్న పార. గంటకోసారి దిగి పైపు చుట్టూ తవ్వడం, ఇంజను కాసేపే నడపడం, గాలి కొట్టని వైపు అద్దం కొంచెం దించి ఉంచడం.

‘అన్నీ ముందే ఆలోచిస్తే ఇక మజా ఏముంది?’ అంటారు. పర్వతారోహకుణ్ణి తాడెందుకని ఎవరూ అడగరు. ‘సామాన్లకి డబ్బెక్కడిది?’ అంటారు. విమానం టికెట్టుకీ బండి అద్దెకీ ఉన్న డబ్బు పారకీ, సాగే తాడుకీ, గొలుసులకీ, ఒక రాత్రి గడిపే దుప్పట్లకీ ఉండదా? ఆ తాడు ఛాసిస్‌కి బిగించిన హుక్కుకే కట్టాలని, వెనకాల ట్రైలరు తగిలించే ఉండకి కడితే అది విరిగి తూటాలా తగులుతుందని తెలుసుకోవడానికి పైసా అక్కర్లేదు. ఒంటరి బండితో వెళ్ళకపోవడానికీ, రెండింటికల్లా వెనక్కి తిరగాలని పొద్దున్నే ఒప్పుకోవడానికీ ఖర్చేమీ లేదు.

‘అసలు నిషేధించేయాలి’ అనేవాళ్ళతోనూ నాకు పొసగదు. నిషేధం సిద్ధపడినవాణ్ణీ సిద్ధపడనివాణ్ణీ ఒకే గాటన కడుతుంది. పైగా పర్యాటకుల మీద బతికే ఊళ్ళ పొట్ట కొడుతుంది.

నా కోపమంతా మనం మోస్తున్న కథ మీద. హిమాలయాల రోడ్ల మీద మంచు ఎత్తిపోసేవాళ్ళలో, రాళ్ళు కొట్టేవాళ్ళలో ఝార్ఖండ్ దుమ్కా వైపు నుంచి వచ్చిన దినకూలీలు ఎందరో. మన ఫొటోల్లో వాళ్ళు వెనకాల మసకగా ఉంటారు. మనం దిగబడిన రోజు ఇంకాసేపు ఆ చలిలో నిలబడేది వాళ్ళూ, పోలీసులూ, ట్రాక్టరున్న రైతులూ. మన ‘అక్కడికెళ్ళాక చూసుకుందాం’లో చూసుకునేది వాళ్ళే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి పాత అలవాటు, సరే. ఆ ఆకులు పక్కవాడి చెట్టువి కావడమే నేను ఒప్పుకోలేనిది.

అందుకే ప్రయాణాలు రాసే మిత్రులకి ఒక్క విన్నపం. దిగబడిన కథలు చాలా చదివాం. బండి ఆపి, మంచులోకి పార గుచ్చి చూసి, ‘ఇవాళ కాదు’ అనుకుని, ఎక్కడా చిక్కుకోకుండా, ఎవరినీ పిలవకుండా వెనక్కి తిరిగొచ్చిన రోజు గురించి ఒక వ్యాసం రాయండి. ఏమీ జరగలేదని మొహమాటపడకండి. నేను చదువుతాను.