చూద్దాం, తెలుసుకుందాం: వంగిన మీనార్లు

చార్మినార్‌కు ఉన్న మీనార్లు ఒకదాని వైపు ఒకటి వంగి ఉంటాయా? "ఉండవు" అంటారు మీరు. నేనూ అదే అంటాను. కాని మొన్న ఆదివారం నా స్నేహితుడు తీసిన ఫోటోలో అవి వంగే ఉన్నవి. ఆ సంగతి ఈ నెల మీకు చెబుతాను.

నా స్నేహితుడు మంచి కెమేరా ఉన్న సెల్‌ఫోను ఒకటి కొత్తగా కొన్నాడు. "పద, ఇవాళంతా హైదరాబాదు పాతబస్తీలో తిరిగి ఫోటోలు తీద్దాం" అని నన్ను బయలుదేరదీశాడు. తెల్లవారేసరికి ఇద్దరమూ చార్మినార్ దగ్గర ఉన్నాము. ఇంకా దుకాణాలు తెరవలేదు. పావురాలు మాత్రం లేచి గింజల వేటలో పడ్డాయి.

ఈ కట్టడాన్ని మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించాడు. దీని నాలుగు కమానులూ నాలుగు దిక్కులకు తెరుచుకుని ఉంటాయి. నా స్నేహితుడు సరాసరి గోడ దగ్గరికి పోయి, ఫోను పైకెత్తి, టకటకా ఇరవై ఫోటోలు తీశాడు. తీరా చూస్తే ప్రతి ఫోటోలోనూ మీనార్లు పైకి పోయినకొద్దీ దగ్గరికి జరిగి, కట్టడమంతా వెనక్కు పడిపోతున్నట్టు కనిపించింది.

"డబ్బంతా దండగయింది! ఈ ఫోనులో ఏదో లోపం ఉన్నది" అన్నాడు వాడు దిగులుగా.

"లోపం ఫోనులో లేదు. నువ్వు నిలబడిన చోటులో ఉన్నది" అన్నాను.

ఎందుకో చెబుతాను వినండి. దూరంగా ఉన్న వస్తువు చిన్నదిగా కనిపిస్తుంది. రైలు పట్టాలు దూరాన కలిసిపోయినట్టు కనబడేది ఇందుకే. కెమేరాను పైకెత్తి తీస్తే మీనారు అడుగు దగ్గరగానూ, కొన దూరంగానూ ఉంటాయి. అందుచేత కొన భాగం చిన్నదై, మీనార్లు రైలు పట్టాలలాగే దగ్గరవుతాయి. అలా కాక, కెమేరాను గోడకు ఎదురుగా నిటారుగా పట్టుకుంటే, లోపల బొమ్మ పడే పలక గోడకు సమాంతరంగా నిలుస్తుంది. అప్పుడు నిలువు గీతలు నిలువుగానే వస్తాయి. కాని దగ్గర నుంచి అలా తీస్తే మీనార్ల కొనలు ఫోటోలో పట్టవు. మరేం చెయ్యాలి? వెనక్కు నడవాలి!

ఉత్తరంగా గుల్జార్ హౌజ్ దాకా నడిచి, వెనక్కు తిరిగి తీశాము. ఈసారి మీనార్లు నిటారుగా నిలబడ్డాయి! పొద్దుటి ఎండ ఏటవాలుగా వస్తున్నది గనక, ఒక్కొక్క మీనారుకు ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ పడి దాని గుండ్రదనం చక్కగా తెలిసింది.

ఈ ఊళ్ళో పూర్వం గొప్ప ఫోటోగ్రాఫరు ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు రాజా దీన్ దయాళ్. 1844లో పుట్టి, 1905లో పోయాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫోటోలు తీసేవాడు. ఆ రోజుల్లో బొమ్మలు పడేది గాజు పలకల మీద. బరువైన పెట్టెలు, పలకలు మోసుకుపోయి తీయాలి. మన వాడిలాగా టకటకా ఇరవై తీయడం కుదరదు. ఎక్కడ నిలబడాలో, ఎండ ఎటు నుంచి వస్తున్నదో ముందే చూసుకోవాలి.

అన్నట్టు, చార్మినార్ మీది గడియారాలు 1889లో అమర్చినవి. గడియారం లేని చార్మినార్ పాత ఫోటో మీకెక్కడైనా కనిపిస్తే, అది అంతకుముందు తీసినదని ఇట్టే చెప్పవచ్చు.

పొద్దెక్కాక పడమటగా లాడ్ బజారులోకి వెళ్ళాము. అది గాజుల వీధి. ఒక దుకాణంలో ఒక ముసలాయన బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, గాజులు చేస్తున్నాడు. ఈ లక్క చెట్ల కొమ్మల మీద చిన్న చిన్న పురుగులు తయారుచేసేది. నా స్నేహితుడు వీధి అవతల నుంచి చప్పుడు చెయ్యకుండా ఒక ఫోటో తీసి, మురిసిపోతూ పోయి ఆయనకే చూపించాడు.

ఆయన దాన్ని కాసేపు చూశాడు. "బేటా, ఇందులో నేను ఎవరినో కొట్టబోతున్నట్టు ఉన్నాను. కుంపటి సెగకు మొహం చిట్లించాను గాని, నాకు కోపమెందుకు? ఈ ఫోటో చూసినవాళ్ళు నన్ను ఏమనుకుంటారు?" అన్నాడు.

నా స్నేహితుడి మొహం చిన్నబోయింది. "తప్పయింది చాచా" అని, ఆ ఫోటోను ఆయన ఎదుటనే తుడిచేశాడు. తరవాత మెల్లగా, "మీరు ఒప్పుకుంటే ఇంకొకటి తీస్తాను" అన్నాడు.

"ముందు కూర్చో" అన్నాడాయన.

ఇద్దరమూ ఆయన పక్కనే చాపమీద కూర్చున్నాము. వేడి లక్కను సన్నని కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, చల్లారకముందే అద్దాల ముక్కలు ఒక్కొక్కటే అద్దడం దగ్గరగా చూశాము. ఒక గాజు పూర్తి అయినాక ఆయన దాన్ని వెలుగుకెత్తి చూసి, "ఊఁ, ఇప్పుడు తియ్యి" అని నవ్వాడు. రోజంతా తీసిన ఫోటోలలో అదే మంచిదని నా స్నేహితుడు అంటాడు. మరునాడు దాన్ని కాగితం మీద అచ్చు వేయించి ఆయనకు ఇచ్చి వచ్చాడు.

చూశారా పిల్లలూ! తగని చోట నిలబడితే నిటారు మీనార్లు వంగినట్టు, మంచివాడు కోపిష్ఠి అయినట్టు కనిపిస్తారు. మీనారు అయితే నోరు తెరిచి అడగదు. మనిషి విషయంలో మాత్రం ముందు మనమే అడగాలి.

ఇక మీరు చెయ్యవలసిన పని. ఇంట్లో పెద్దవాళ్ళ నడిగి కెమేరా గాని, ఫోను గాని తీసుకుని, మీ ఇంటి తలుపుకు రెండు ఫోటోలు తియ్యండి. ఒకటి గడప దగ్గర కూర్చుని, పైకెత్తి. రెండవది నాలుగడుగులు వెనక్కు వేసి, నిటారుగా పట్టుకుని. రెండింటినీ పక్కపక్కన పెట్టి, తలుపు అంచులను స్కేలుతో కొలవండి. పైన వెడల్పెంత, కింద వెడల్పెంత? ఏ ఫోటోలో ఎంత తేడా వచ్చిందో మీ అమ్మకూ నాన్నకూ చూపించి, కారణం మీరే చెప్పండి.