వేసవిలో టైరు గాలి తగ్గించవచ్చునా?



చైత్రమాసపు రథోత్సవానికి మా విదురాశ్వత్థకు హిందూపురం, గౌరిబిదనూరు ప్రాంతాలనుండి జనం అద్దె వ్యానులలో వస్తుంటారు. ఎండకు టైరు పగులునని కొందరు డ్రైవర్లు బయలుదేరే ముందు గాలి కొంత వదలివేస్తున్నారు. నిరుడు మేమెక్కిన వ్యాను డ్రైవరూ అట్లే చేసినాడు. అనుభవజ్ఞుడు గదా అని నేను నోరు మెదపలేదు. దారిలో వెనుక టైరు పగిలినది. దైవికంగా ప్రాణాలు దక్కినవి. తప్పు ఎండదేనని అందరూ అన్నారు.

ఇది పొరపాటు. గాలి తక్కువైన టైరు బరువుకు అణగి, ప్రతి చుట్టుకూ దాని ప్రక్కలు వంగి లేస్తుంటవి. అందువల్లనే లోపల వేడి పుట్టి పొరలు విడిపోతవి. పరిమితికి మించి మనుషులను ఎక్కించినచో చెప్పనక్కరలేదు. పరుగులో గాలి ఒత్తిడి కొంత పెరుగుననుట తయారీదారులు ముందే లెక్కించినదే. కావున టైరు చల్లగా ఉన్నప్పుడే వారు చెప్పిన కొలతకు గాలి పట్టించవలెను. దారిలో వేడెక్కినదని తగ్గింపరాదు.

టైరు ప్రక్కనుండే నాలుగంకెలలో దాని వయసున్నది. 2319 అనగా 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. కారు, వ్యాను టైర్ల గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నిబంధన గలదు.

ఉత్సవ దినాలలో వ్యానులు నిలుపు చోట రవాణాశాఖవారు టైర్లు తనిఖీ చేయించిన మేలు. అద్దె దగ్గర పది రూపాయలకు గంటసేపు బేరమాడే మనము, టైర్ల సంగతి ఒక్కమాట అడుగరాదా?

విదురాశ్వత్థ
— ఒక విశ్రాంత గుమాస్తా