పొరుగింటి పిల్లి

పిల్లి నెఱుగనివారు తెలుగునాట లేరు. పెంచినవారి యింట అది ముద్దుబిడ్డ. ప్రక్కింటివారికి అదియే దొంగ. ఒక యింట పాలు త్రాగును. వేఱొక యింటి పెరటిని మలినపఱచును. మూడవ యింటి అటుకపై పిల్లలను పెట్టును. ఇట్టి పిల్లి విషయమున గృహస్థుడు ఏమి చేయవలెనను ప్రశ్న మిక్కిలి చిన్నదిగా తోచును. కాని దానికి మనుష్యుడు చెప్పుకొను సమాధానమునుబట్టి అతని వివేకమును, దయను గూడ కొలువవచ్చును.

సాధారణముగా మొదట చేతికి వచ్చునది కఱ్ఱ. కొందఱు రాయి విసరుదురు. కొందఱు కాగిన నీళ్లు చల్లుదురు. కొందఱు పిల్లిని గోనెసంచిలో కట్టి ఏటి కావలి యొడ్డున విడిచి వత్తురు. మిక్కిలి కఠినులు అన్నములో విషము కలిపి పెట్టుదురు. వీనిలో ఏదియు న్యాయము కాదు. అంతేకాదు, ఏదియు సరిగా పనిచేయదు కూడ. ఈ రెండవ సంగతిని పలువురు గమనింపరు.

కఱ్ఱదెబ్బ తిన్న పిల్లి ఏమి నేర్చుకొనును? కఱ్ఱ పట్టినవానిని చూచి భయపడుట నేర్చుకొనును. వంటయింటికి పోరాదని నేర్చుకొనదు. అతడు నిద్రించువేళ, ఊరికి పోయినవేళ, అది ఎప్పటివలెనే వచ్చును. మసకచీకటిలో పిల్లి మనుష్యునికన్న చక్కగా చూడగలదు. మనుష్యుని చెవికి అందని సన్నని ధ్వనులను వినగలదు. కావున కఱ్ఱతో కాపలా కాయువాడు ఎంత మెలకువగా నున్నను, తుదకు ఓడిపోవువాడు అతడే.

సంచిలో కట్టి దూరమున విడిచిన పిల్లి ఒక్కొక్కప్పుడు దారి వెదకికొని తిరిగి వచ్చును. రాలేకపోయినచో క్రొత్తచోట ఆకలితో మాడును. అది తల్లిపిల్లి యైనచో, అటుకపై ఇంకను కన్నులు తెఱవని కూనలు పాలు లేక చచ్చును. ఇక విషము సంగతి చెప్పనేల? పిల్లికై పెట్టిన ముద్దను కాకి తినవచ్చును, కుక్క తినవచ్చును. ప్రాకుచున్న పసిబిడ్డ నోట పెట్టుకొనవచ్చును. ఒక గిన్నెడు పాలకై ఇంతటి కీడునకు ఒడిగట్టుట వివేకుల పని కాదు.

మఱి ఉపాయమేమి? తెలుగువారి పూర్వులు దానిని ఏనాడో కనుగొనిరి. అదియే ఉట్టి. పాలు, పెరుగు, వెన్న ఉంచిన కుండలను వారు దూలమునకు వ్రేలాడు ఉట్టిలో పెట్టిరి. పిల్లిని క్రిందికి కొట్టుటకు మాఱు కుండను పైకి ఎత్తిరి. “పిల్లి శాపములకు ఉట్లు తెగునా?” అను సామెత పుట్టినది ఇందుండియే. పిల్లి క్రింద కూర్చుండి ఎంత శపించినను ఉట్టికి కీడు లేదు. ఇంటివారికి పాలు దక్కెను. పిల్లికి ప్రాణము దక్కెను. యజమాని నిద్రించినను ఉట్టి నిద్రింపదు. కఱ్ఱకును ఉట్టికిని గల భేదమిదియే.

నేటి యిండ్లలో ఉట్టి అరుదైనది. కాని దాని నీతి నిలిచియున్నది. దొంగను శిక్షించుటకన్న, దొంగతనమునకు తావులేకుండ చేయుట మేలు. పాలగిన్నెపై బరువైన మూత యుండవలెను. వంటయింటి కిటికీకి ఇనుపవల వేయింపవలెను. చేపలు కడిగిన నీటిని, తిని విడిచిన యెముకలను రాత్రి యంతయు వాకిట నుంచక, చెత్తబుట్టకు మూత పెట్టవలెను. తినుటకేమియు దొరకని యింటికి పిల్లి నాలుగు దినములు వచ్చి, అయిదవ దినమున వేఱు దారి చూచుకొనును.

పొడిమట్టిని గోకి, అందు మలము విడిచి, మఱల మట్టి కప్పుట పిల్లి స్వభావము. ఇల్లు కట్టుటకై పోసిన ఇసుక కుప్పయు, క్రొత్తగా త్రవ్విన పూలమడియు దానికి మిక్కిలి అనుకూలములు. ఇసుకపై పట్టా కప్పవలెను. మడిలో గులకరాళ్లనో, కొబ్బరిచిప్పలనో దగ్గఱదగ్గఱగా పఱచి, మట్టిని తఱచు తడుపుచుండవలెను. నిమ్మ, నారింజ తొక్కల వాసన పెక్కు పిల్లులకు గిట్టదు. ఎండినవానిని తీసి క్రొత్తవి వేయుచుండవలెను. తన వాసన మిగిలియున్నంతకాలము పిల్లి అచ్చటికే మఱల వచ్చును గనుక, మలినమైన చోటును సబ్బునీటితో బాగుగా కడుగవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. కారపుపొడి, కలరా ఉండలు, ఫినాయిలు మున్నగువానిని పిల్లి తిరుగు చోట చల్లరాదు. పిల్లి తన పాదములను నాకి శుభ్రపఱచుకొను జంతువు. కాలికి అంటినది నోటికి పోవును. ఫినాలు జాతి పదార్థములను విఱిచివేయు శక్తి దాని కాలేయమునకు చాలదు. వెళ్లగొట్టుటకు చల్లినది చంపునదిగా మాఱును.

“పిల్లిని పెంచినవారు సుఖముగా నుండగా, ఈ శ్రమ మేమేల పడవలెను?” అని కొందఱడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పెంచినవారికి నిశ్చయముగా బాధ్యత కలదు. వేళకు తిండి పెట్టుట, విసర్జనకై ఒక తొట్టిలో ఇసుక పోసి యుంచుట, రేబీసు రాకుండ టీకా వేయించుట వారి విధులు. పిల్లి సుమారు 9 వారములలో ఈనును. ఏటికి రెండు మూడు మాఱులు ఈనగలదు. పశువైద్యునిచే సంతాన నిరోధ శస్త్రచికిత్స చేయించినచో, కూనల బెడద తీఱుటయే కాక, రాత్రులందలి అఱపులును, గోడలపై మూత్రము చిమ్ముటయు తగ్గును.

అయితే ఈ బాధ్యతను వారికి గుర్తుచేయవలసినది మాట, రాయి కాదు. “మీ పిల్లిని చంపి పాఱవేసెదము” అన్న మాట రెండిండ్ల నడుమ గోడను మఱింత ఎత్తు చేయును. “వదినగారూ! నిన్న రాత్రి మీ పిల్లి మా పాలగిన్నెలో తల పెట్టినది. పడుకొనబోవుముందు దానికింత పెరుగన్నము పెట్టరాదా?” అన్న మాట నవ్వుతో ముగియును. పిల్లి పదియేండ్లు బ్రదుకునేమో. పొరుగువారి మైత్రి తరతరములు నిలువవలసినది.

చట్టము సైతము ఈ దారినే చూపుచున్నది. భారతదేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము జంతువులను కొట్టి బాధించుటను, హానికర పదార్థములు పెట్టుటను, ఆకలిదప్పులకు గుఱియగునట్లు విడిచివేయుటను నేరములుగా పేర్కొన్నది. 1976లో రాజ్యాంగమునకు చేసిన 42వ సవరణ, ప్రాణులయెడ దయ చూపుటను పౌరుల ప్రాథమిక విధులలో చేర్చినది.

పిల్లినైనను గదిలో పెట్టి కొట్టరాదని పెద్దలందురు. తప్పించుకొను దారి లేని పిల్లి మీదికి దుమికి గోళ్లతో చీల్చును, కఱచును. కావున లోపలికి వచ్చిన పిల్లిని పంపవలెనన్న, ముందు తలుపు తెఱచి, పిమ్మట చేతులు తట్టవలెను. ఒకవేళ కఱచినను, గీఱినను, గాయమును వెంటనే 15 నిమిషములపాటు సబ్బుతోను, ధారగా పాఱు నీటితోను కడిగి, వైద్యుని కడకు పోవలెను.

పిల్లికిని మనుష్యునికిని గల పొత్తు నేటిది కాదు. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో, మనుష్యుని యస్థికల ప్రక్కనే పిల్లి యస్థికలు కనబడినట్లు 2004లో పరిశోధకులు ప్రకటించిరి. ధాన్యమున్న చోటికి ఎలుకలు వచ్చెను. ఎలుకలున్న చోటికి పిల్లి వచ్చెను. నాడు గాదెను కాచిన జంతువే నేడు గిన్నెలో తల పెట్టుచున్నది. దానికి తన యిల్లు, పొరుగిల్లు అను భేదము తెలియదు. ఆ భేదము తెలిసినవాడు మనుష్యుడు. కావున గిన్నెకు మూత పెట్టవలసినవాడును అతడే.