పాత దీపములను గుజరీకి వేయదగునా?

మన సంఘభవనపు ఆవరణమునందున్న ఆఱు పోతయినుప దీపస్తంభములను గుజరీ వర్తకునకు తూకమునకు అమ్మివేసి, వాని స్థానమున అంగడిలో దొరకు గొట్టపు స్తంభములను, క్రొత్త దీపములను నిలుపవలయునని కార్యవర్గమున కొందఱు ప్రతిపాదించియున్నారు. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయము వోటునకు రానున్నది. ప్రతిపాదించిన పెద్దలయెడ నాకు గౌరవము కలదు. వారి సేవానిరతిని నేను శంకింపను. కాని వారి వాదము మాత్రము సరికాదు. సరికాదని ఈ పత్రికాముఖమున నిస్సంకోచముగా చెప్పుట నా విధి.

విషయము ఎఱుగని సభ్యులకు రెండు మాటలు. రెండేండ్లుగా మన కుటుంబముల కుఱ్ఱవాండ్రు ఏడెనమండుగురు ప్రతి ఆదివారమును సంఘపు పెరటిలో చేరి ఒక సరదా పని చేయుచున్నారు. గుజరీ అంగళ్ళలో తూకమునకు వచ్చిన పాత వీధిదీపపు డిప్పలను కొని తెచ్చి, త్రుప్పు గీకి, రంగు వేసి, లోపలి పాత సరంజామాను తీసివేసి, తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగునిచ్చు ఎల్.ఇ.డి. ఫలకములను అమర్చుచున్నారు. ఇంగ్లండు మొదలగు దేశములలో పాత వీధిదీపములను సేకరించి తమ పెరళ్ళలో వెలిగించుకొనువారు చాలమంది కలరు. ఇది ఆ జాతి వ్యాసంగమే. మన పిల్లలు అంతటితో ఆగక, ఆవరణమునందలి ఆఱు దీపములలో రెండింటిని కార్యదర్శిగారి అనుమతితో మార్చి చూపిరి. మిగిలిన నాలుగింటిని మార్చుటకు అనుమతి కోరగా, ఈ గుజరీ ప్రతిపాదన వచ్చినది!

"పాతవి కరెంటు తినివేయును" అనుచున్నారు. కరెంటు తినునది ఏది? పోతయినుప స్తంభమా? స్తంభము నేటివఱకు ఒక్క యూనిటైనను తినలేదు. తినునది లోపలి బల్బు, దాని వెనుక కూర్చున్న చోకు. తలపాగా మాసినదని తలను తీయించుకొనువారిని నేనెచ్చటను చూడలేదు.

వర్తకుడను గనుక లెక్క చెప్పెదను. మన దీపములలో నాలుగింట 125 వాట్ల పాదరసపు ఆవిరి బల్బులు ఉండెడివి. చోకు మ్రింగునది కూడ చేర్చగా ఒక్కొక్కటి సుమారు 140 వాట్లు. రాత్రికి 11 గంటల చొప్పున ఏటికి 562 యూనిట్లు. పిల్లలు మార్చిన రెండును ఈ నాలుగింటిలోనివే. వానియందు ఇప్పుడున్నవి 35 వాట్ల ఫలకములు. అంతే కాలము వెలుగగా అయ్యెడిది 140 యూనిట్లు మాత్రమే. యూనిటు ఏడు రూపాయలని వేసికొన్నను దీపమునకు ఏటికి 2,950 రూపాయలు మిగులుచున్నవి. ఒక్కొక్క దీపమునకు సామగ్రికి పట్టినది 1,800 రూపాయలు. రసీదులు కోశాధికారిగారి పెట్టెలోనే ఉన్నవి. ఎనిమిది నెలలు తిరుగకమునుపే పెట్టుబడి తిరిగివచ్చు వ్యాపారమును కాదనువారు పేటలో ఇంకెవరైన కలరా? క్రొత్త స్తంభము, దానికి పునాది, క్రొత్త దీపము, కూలి అన్నియు కలిపి ఎంతయగునో ప్రతిపాదనలో వ్రాయనే లేదు.

వెలుగును లూమెనులలో కొలుతురు. తీగబల్బు వాటు కరెంటుకు పది పదునైదు లూమెనులకు మించి ఈయదు, మిగిలినదంతయు వేడిమి. పాదరసపు బల్బు ఇచ్చునది సుమారు 50. ఎల్.ఇ.డి. నూఱు దాటి ఇచ్చును. అదియుగాక వెలుగును క్రిందికే పంపును. పాత బల్బు వెలుగులో సగము డిప్పలోనికిని ఆకాశమునకును పోయెడిది. నీలపు కాంతినిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించిన జపాను శాస్త్రజ్ఞులు అకాసాకి, అమానో, నకమూరాలకు 2014లో నోబెలు బహుమానము వచ్చినది ఊరక కాదు. ఆ నీలపు కాంతిపై పసుపు పూత పూసియే తెల్లని వెలుగును రాబట్టుచున్నారు. పాదరసమును విషముగా నెంచి, ఆ బల్బుల తయారీని, ఎగుమతి దిగుమతులను 2020 నాటికి ఆపవలయునని 2013 నాటి మినమాటా ఒడంబడికలో వ్రాసికొనిరి. కావున బల్బు మారవలయుననుటలో నాకును వారికిని భేదము లేదు.

న్యాయముగా ఒక మాట. మన మిగిలిన రెండు దీపములు సోడియము ఆవిరివి, 70 వాట్లవి. సోడియము చేతకాని దీపము కాదు. వాటుకు ఎనుబది తొంబది లూమెనులు ఇచ్చును. వానిని మార్చిన వచ్చు మిగులు పాదరసపు దీపములకు వచ్చినంత రాదు. కాని ఆ నారింజ వెలుగులో రంగులన్నియు చచ్చును. పట్టుచీరల వర్తకము చేయువానిగా చెప్పుచున్నాను, నెమలికంఠపు రంగు చీర ఆ దీపము క్రింద బురదవలె కనిపించును. పెండ్లిండ్లకు అద్దెకిచ్చు ఆవరణమునకు అది తగిన దీపము కాదు.

ప్రభుత్వము వారు ఏమి చేసిరో చూడుడు. 2014 అక్టోబరున హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ధ్వంసము చేసిన పిమ్మట ఆ నగరపు వీధిదీపములు ఎల్.ఇ.డి.కి మారినవి. 2015 జనవరిలో జాతీయ వీధిదీప పథకము మొదలై, దేశమంతట కోటికి పైగా దీపములు మారినవి. నిలిచియున్న స్తంభములను పెఱికిపాఱవేయలేదు. వానిపైని దీపములను మార్చిరి. గుజరీ అంగళ్ళలో పాత డిప్పలు చవుకగా దొరకుటకు కారణమిదియే. సర్కారే ఉంచిన స్తంభమును మనము అమ్ముట ఎక్కడి పొదుపు? బెర్లిను నగరమున నేటికిని వేలకొలది గ్యాసు దీపములు ఉన్నవి. వానిని మార్చునపుడు పాత లాంతరు ఆకారమునే నిలిపి, గ్యాసు వెలుగును పోలిన ఎల్.ఇ.డి.లను లోన అమర్చుచున్నారు. అదియు చాలదు, గ్యాసే ఉండవలయునని పోరాడు పౌరులు కూడ అచట కలరు.

మనమున్న నగరము ఏది? 1902లో శివనసముద్రపు జలపాతమునుండి పుట్టిన విద్యుచ్ఛక్తి సుమారు 147 కిలోమీటర్లు తీగలపై పయనించి ముందుగా కోలారు బంగారు గనులకు పోయినది. చిత్తూరు ప్రాంతమునుండి వలసపోయిన తెలుగువారును ఆ గనులలో చెమటోడ్చిరి. ఆ గనులు 2001లో మూతపడినవి. అదే విద్యుత్తుతో 1905 ఆగస్టు 5వ తేదీన బెంగుళూరు వీధులలో కిరసనాయిలు దీపములకు మాఱుగా విద్యుద్దీపములు వెలిగినవి. అట్టి ఊరిలో తరతరములుగా కాపురమున్న మనకు దీపస్తంభము తుక్కుగా కనిపించుట వింత.

ఇక పిల్లలును విమర్శకు అతీతులు కారు. మార్చుట అనగా పాత హోల్డరులో మొక్కజొన్నకంకి ఆకారపు ఎల్.ఇ.డి. బల్బును త్రిప్పి బిగించుట యని మొదట వారును తలంచిరి. చోకును తొలగింపకయే బిగించిరి. చోకు తన మేత తాను మేయుచునే ఉండెను. మూసిన డిప్పలో వేడికి ఆ బల్బు మూడు మాసములకే ఆరిపోయెను. ఎల్.ఇ.డి.కి వేడియే శత్రువు. పిదప ఒక విశ్రాంత లైన్‌మన్ తాతగారు చేయి పట్టి నేర్పగా పని కుదిరినది. చోకు, కండెన్సరు, సోడియము దీపమైనచో ఇగ్నైటరు మొత్తము ఊడదీయవలయును. ఇగ్నైటరు దీపము వెలిగించుటకు వేల వోల్టుల దెబ్బ వేయునట్టిది. అది ఉండగా ఎల్.ఇ.డి. బ్రతుకదు. ఫలకమును దళసరి అల్యూమినియము రేకునకు, ఆ రేకును డిప్ప గోడకు హత్తుకొనునట్లు బిగించినచో వేడి వెలుపలికి పోవును. అద్దము చుట్టును క్రొత్త రబ్బరు పట్టీ వేయక వదలినచో మొదటి వానకే నీరు దిగును. మెఱుపుల ఋతువునకు సర్జి నిరోధకము వేయవలయును. పాదరసపు బల్బును పగులగొట్టక, విద్యుత్ వ్యర్థములను సేకరించుటకు అనుమతి గలవారికి ఈయవలయును.

వెలుగు వన్నెను గూర్చియు పోట్లాట జరిగినది. ఆ పోట్లాటలో నేను పిల్లలకు ప్రత్యర్థిని. వారు మొదట తెచ్చినది 6500 కెల్విను తెలుపు. పాలవలె తెల్లగా ఉన్నదని వారి మురిపెము. ధనుర్మాసపు వేకువను తిరుప్పావైకి వచ్చిన ముసలమ్మలు ఆ వెలుగు కన్నులలో పొడువగా మెట్లు కానక నిలిచిపోయిరి. 2016లో అమెరికా వైద్యసంఘము వీధిదీపములు 3000 కెల్వినునకు మించరాదని సలహా ఇచ్చినది. నీలము పాలు హెచ్చైన వెలుగు కన్నులకును నిద్రకును కీడని వారి మతము. ఉసిళ్ళు కూడ అట్టి వెలుగునకే ఎక్కువగా మూగును. వాదించి వాదించి 3000కు దింపితిని. ఇప్పుడు మెట్లును కనబడుచున్నవి, మనుష్యుల ముఖములును కనబడుచున్నవి. క్రొత్త దీపములు కొనదలచిన పెద్దలు ఏ వన్నె కొందురో చెప్పలేదు. అంగడిలో చవుకగా దొరకునది ఆ కన్నులుపొడుచు తెలుపే.

"ఎవరికైన షాకు తగిలినచో జవాబుదారి ఎవరు?" అను ప్రశ్నలో మాత్రము బరువు కలదు. దీనికి నవ్వి ఊరకుండుట తగదు. పదునెనిమిదేండ్లు నిండనివాడు తీగను ముట్టరాదు. మెయిను కట్టి, ఫ్యూజు పెఱికి జేబులో వేసికొనక పని మొదలిడరాదు. కరెంటు తీసినను కండెన్సరులో ప్రాణము మిగిలియుండును గనుక దానిని ముందు ఖాళీ చేయవలయును. స్తంభమునకు ఎర్తు, ఆవరణపు లైనుకు ఇ.ఎల్.సి.బి. ఉండితీరవలయును. తుది కలుపు లైసెన్సుగల వైర్‌మన్ చేతనే జరుగవలయును. అన్నిటికంటె ముఖ్యము, వీధిలోని స్తంభము జోలికి ఎవ్వరును పోరాదు; అది ప్రజల సొత్తు, దానిని ముట్టుట నేరము. ఈ నిబంధనలు వ్రాసి పెరటి తలుపునకు అంటించియున్నారు. ఇంత జాగ్రత్త మన వంటశాల గ్రైండరుకు కలదా? దాని తీగకు చుట్టిన గుడ్డపీలికను పెద్దలొకసారి చూచుట మంచిది.

"ఆట" అను మాటకు జవాబు. మన సంఘము నడుపు తెలుగు తరగతిలో నిరుడు ఆఱుగురు చేరిరి. నేడు వచ్చువారు ఇద్దఱు. వారిలో ఒకడు నిద్రపోవును. పెరటిలో ఆదివారము ఎనమండుగురు! వారు బడిలో కన్నడము, కచేరీలో ఇంగ్లీషు మాటలాడు బిడ్డలు. ఇచట తాతగారితో తెలుగుననే మాటలాడుచున్నారు. ఆకురాయి, పట్టకారు, మరచీల, సమ్మెట అను మాటలు వారి నోట నేను విన్నది ఈ పెరటిలోనే. మార్చిన రెండు స్తంభములకు వారు ౧, ౨ అని తెలుగు అంకెలు వ్రాసిరి. మన సంఘపు రసీదు పుస్తకములో కూడ తెలుగు అంకెలు లేవు! తెలుగు తరగతికి ఏటేట సొమ్ము మంజూరు చేయు మనము, ఖర్చులేక తెలుగు నడచుచున్న చోటును దండుగ యనుట నాకు బోధపడదు. స్తంభములు గుజరీకి పోయిననాడు ఆ పిల్లలు కూడ పోవుదురు. వారిని తిరిగి తెచ్చు వర్తకుడెవడును లేడు.

కావున సమావేశమున నేను ఈ సవరణ తీర్మానమును ప్రతిపాదింపనున్నాను: ఆవరణమునందలి ఆఱు స్తంభములను యథాతథముగ నిలుపవలయును, మిగిలిన నాలుగు దీపములను పైని చెప్పిన నిబంధనలకు లోబడి మార్చుటకు 7,200 రూపాయలకు మించకుండ మంజూరు చేయవలయును, పెరటి గదిని ఆదివారములందు పిల్లలకు విడువవలయును. బలపఱుపగోరు సభ్యులు ముందుగా కార్యదర్శిగారికి తెలుపగోరెదను. చందా బకాయి గలవారికి వోటుహక్కు లేదు; సమావేశమునకు ముందటి శనివారములోగా చెల్లించి రసీదు పొందవలయును.