అశోక్ చౌక్ దవాఖానా అశోక్ చౌక్ చేతికే

షోలాపూర్ అశోక్ చౌక్ సందుల్లో బీడీలు చుట్టే అమ్మకు దగ్గు పట్టుకుంటే, ఆమె ముందుగా లెక్కగట్టేది పోయే పూటను. పొద్దున కంపెనీకి వెళ్ళి నిన్నటి బీడీలు అప్పజెప్పాలి. కట్టలు లెక్కపెట్టించి, ఆకూ తంబాకూ తీసుకుని ఇల్లు చేరాలి. ఆకు తడిపి, కత్తిరించి, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఇక రాత్రికే లేవడం. సర్కారీ దవాఖానాలో ఓపీడీ నడిచేదీ ఆ పొద్దుటి పూటే. సివిల్ ఆసుపత్రికి పోయి కేస్ పేపర్ తీసి వరసలో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. వెయ్యికింత అని కట్టే కూలిలో సెలవనే మాటకు చోటు లేదు. కాబట్టి దగ్గు ముదురుతుంది. ఎప్పుడో ఒక సాయంత్రం సందు చివరి ప్రైవేటు డాక్టరు దగ్గర సూది వేయించుకుని, నాలుగు గోళీలు కొనుక్కుని వస్తుంది. రాత్రి ఏడింటికి తీసి ఉండే తలుపు ఆయనదొక్కటే.

ఈ తల్లికి పథకాలు తక్కువేమీ కావు. రేషన్ కార్డు మీద మహాత్మా జ్యోతిబా ఫూలే జన ఆరోగ్య యోజన ఉంది. 2012లో అది రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ పేరుతో మొదలైనప్పుడు మహారాష్ట్రలోని తొలి 8 జిల్లాల్లో షోలాపూర్ ఒకటి. మన ఆరోగ్యశ్రీ నడిచిన దారే. ఆపరేషన్ పడినప్పుడు, ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినప్పుడు అది ఆదుకుంటుంది. ఆ మేలును తక్కువ చేయబోము. కానీ మూడు వారాల దగ్గు, రోజూ మింగాల్సిన బీపీ గోళీ, రక్తం తక్కువై కళ్ళు తిరగడం దాని లెక్కలోకి రావు. బీడీ కార్డు మీద దొరికే వైద్యం కేంద్ర కార్మిక శాఖది. భర్త కార్ఖానాలో పవర్‌లూమ్ దగ్గర 12 గంటలు నూలు దుమ్ము పీలుస్తూ నిలబడతాడు. అతనికి దక్కాల్సిన ఇఎస్ఐకి డబ్బు కేంద్ర సంస్థది, ఆసుపత్రి నడిపేది రాష్ట్రం. పేటలోని ఆరోగ్య కేంద్రం నగరపాలికది. సివిల్ ఆసుపత్రి వైద్యవిద్యా శాఖది. ఒక ఇంటికి ఇందరు యజమానులు. వీళ్ళలో ఏ ఒక్కరినీ ఆ ఇంటివాళ్ళు నిలదీయలేరు.

ఒకప్పుడు నిలదీయడానికి ఒక ఆధారమైనా ఉండేది. 1976 చట్టాల ప్రకారం తయారైన ప్రతి వెయ్యి బీడీల మీదా సెస్ వసూలు చేసి, బీడీ కార్మికుల సంక్షేమ నిధిలో వేసేవారు. వైద్యం, పిల్లల చదువు, ఇల్లు ఆ నిధిలోంచే. తన చేతి బీడీ మీద వచ్చిన పైసతో తన మందు వస్తోందని ఆమె అనగలిగేది. 2017లో జీఎస్టీ వచ్చింది, సెస్ రద్దయింది. ఇప్పుడు ఆ వైద్యం ఢిల్లీ బడ్జెట్‌లో ఒక పద్దు. ఏటా ఎవరో దయతలచి వేయాల్సింది. మగ్గం మనిషి సంగతీ అంతే. ఇఎస్ఐ వర్తించాలంటే కార్ఖానాలో 10 మంది ఉండాలి. ఒకే షెడ్డును రెండు మూడు పేర్ల మీద చూపిస్తే ఆ 10 ఎక్కడా పూర్తి కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ చిన్న కార్ఖానాలకూ తలుపు తెరిచింది, అయితే యజమాని ఒప్పుకోవాలట. చందా కట్టాల్సినవాడి ఇష్టానికి వదిలేసిన హక్కును హక్కు అనలేం.

2020 ఏప్రిల్‌లో ఈ నగరంలో తొలి కరోనా కేసు బయటపడింది ఇక్కడికి కూతవేటు దూరంలోని పాచ్ఛాపేటలోనే. అదీ మనిషి చనిపోయాక. ఇరుకు ఇళ్ళు, నాలుగైదు రోజులకోసారి వచ్చే నల్లా, ఒకే గదిలో వంటా బీడీ పనీ. ఇలాంటి పేటలో జబ్బును మొదటి రోజే పసిగట్టాల్సింది గల్లీ దవాఖానా. జనం అక్కడికి అలవాటుగా వెళ్తుంటేనే అది పసిగట్టగలదు.

భాష మాటా చెప్పాలి. మూడు నాలుగు తరాల కింద కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలి కుటుంబాలివి. పిల్లలు మరాఠీలో చదువుకున్నారు. అమ్మమ్మలకు మాత్రం నొప్పి ఇప్పటికీ తెలుగులోనే వస్తుంది. ‘దమ్ము పడుతోంది’ అంటే అవతలివారికి అర్థం కావాలి. బడికి పోవాల్సిన మనవడు పక్కన నిలబడి మరాఠీలోకి మార్చి చెబుతుంటే, ఏ ఆడమనిషి తెల్లబట్ట గురించి, నెలసరి గురించి నోరు విప్పుతుంది? విప్పని ఆ మాటే రేపు పెద్ద ఆపరేషన్ అవుతుంది. అప్పుడు పథకం లక్షలు కడుతుంది.

మా మాట సూటిగా చెబుతున్నాం. ఈ పేటల్లో తొలి వైద్యమంతా ఒక కప్పు కిందికి రావాలి. బీడీ కార్డు, ఇఎస్ఐ, నగరపాలిక కేంద్రం దేని డబ్బు దానిదే అయినా, తలుపు ఒకటే ఉండాలి, రోగి కాగితం ఒకటే ఉండాలి. దాన్ని నడిపే కమిటీలో సగం మంది బీడీ, మగ్గం కార్మికులు ఉండాలి. సలహాలిచ్చి చాయ్ తాగి వెళ్ళడానికి కాదు. దవాఖానా వేళలు, మందుల కొనుగోలు, డాక్టరు హాజరు వాళ్ళ సంతకం లేకుండా సాగకూడదు.

ఇప్పుడున్న ఏర్పాటులో మహిళా ఆరోగ్య సమితులు ఉన్నాయి కదా అనవచ్చు. పట్టణ ఆరోగ్య మిషన్ 50 నుంచి 100 ఇళ్ళకు ఒకటి చొప్పున వాటిని పెట్టమంది, ఏడాదికి 5,000 రూపాయలు ఇమ్మంది. ఆ డబ్బుతో గోడ మీద నినాదం రాయించవచ్చు. రాని డాక్టరును రప్పించలేరు. బ్రెజిల్ ఈ పని చట్టంతో చేసింది. 1990 నాటి 8142 నంబరు చట్టం ప్రకారం అక్కడ ఆరోగ్య మండలిలో సగం సీట్లు వైద్యం పొందే జనానివి. మండలి లేని మున్సిపాలిటీకి కేంద్రం ఆరోగ్య నిధులు అందవు. మన దేశంలోనే కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టింది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీల చేతిలో పెట్టింది.

చదువురాని ఆడవాళ్ళు దవాఖానా ఏం నడుపుతారని అడిగేవారికి షోలాపూర్ పక్కనున్న కుంభారి వైపు చూపిస్తాం. కమ్యూనిస్టు నాయకురాలు గోదావరీ పరులేకర్ పేరుతో బీడీ కార్మిక మహిళలు సహకార సంఘం పెట్టి, ఏళ్ళ తరబడి పోరాడి 10,000 ఇళ్ళు కట్టించుకున్నారు. ఆ దారిలోనే వచ్చిన రేనగర్‌లో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధాని స్వయంగా అప్పగించారు. ఊరికి ఊరే నిలబెట్టినవాళ్ళు మందుల అలమరా తాళం భద్రంగా చూసుకోగలరు. చైనాకు కోట్నీస్ డాక్టరును ఇచ్చిన నగరం ఇది; భైయ్యా చౌక్‌లో ఆయన స్మారకం ఉంది. ఆయన వెళ్ళి వైద్యం చేసింది జపాన్‌తో యుద్ధం నడుస్తున్న చైనా పల్లెల్లో, జనం ఉన్న చోట.

డబ్బు లేదనే మాట సగమే నిజం. 50,000 మందికి ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం అన్నది మిషన్ లెక్క. 2011 జనాభా 9,51,558కే షోలాపూర్‌కు 19 కేంద్రాలు రావాలి. సాయంత్రం ఓపీడీ మాట ఆ మిషన్ పత్రాల్లోనే ఉంది. పేటలో ఉన్న కేంద్రం వేళలు మార్చడానికి కొత్త భవనం అక్కర్లేదు.

2022 మార్చిలో నగరపాలక మండలి గడువు ముగిశాక దాదాపు నాలుగేళ్ళు ఈ నగరాన్ని అధికారులే నడిపారు. నల్లా రాకపోయినా, దవాఖానాలో మందు లేకపోయినా గల్లీవాళ్ళు పట్టుకోవడానికి కార్పొరేటర్ లేడు. 2026 జనవరిలో ఎన్నికలు జరిగాయి. ఓట్లడగడానికి ఈ సందుల్లో తెలుగులో మాట్లాడినవాళ్ళు ఇప్పుడు సభలో ఉన్నారు. ప్రజారోగ్యం నగరపాలికల పని అని రాజ్యాంగం 12వ షెడ్యూల్లోనే రాసి ఉంది. వాళ్ళు చేయాల్సిన తీర్మానం ఒకటే: అశోక్ చౌక్ పేటల ఆరోగ్య కేంద్రానికి సగం కార్మికులతో కమిటీ, సాయంత్రం వేళలు, తెలుగు వచ్చిన నర్సు. ఇఎస్ఐని, కార్మిక శాఖను అదే కప్పు కిందికి రమ్మని రాష్ట్రం, కేంద్రం పిలవాలి. కమిటీ తొలి సమావేశం చౌక్‌లోనే, రాత్రి ఏడింటికి పెట్టండి. చాట పక్కన పెట్టి వాళ్ళు రాగలిగే వేళ అదే.