గాలి ఒక్కరికా.. ఇద్దరికా?

క్రూయిజర్‌ బండి కొనేవాళ్లు మొదట చూసేది సీటు వెడల్పు, హ్యాండిల్‌ ఎత్తు, సైలెన్సర్‌ చప్పుడు. టైర్లో గాలి సంగతి పంక్చరైన రోజే గుర్తొస్తుంది. నేనూ అంతే.. శ్రీశైలం వెళ్లేదాకా!

ముందురోజు మధ్యాహ్నం ఊరంతా తిరిగి, పెట్రోలు బంకులో గాలి చూపించాను. వెనక టైర్లో 36 పిఎస్‌ఐ ఉంది. ‘మరీ ఎక్కువైంది’ అనుకుని 32కి తగ్గించమన్నాను. తెల్లవారుజామున మా ఆవిడను ఎక్కించుకుని, రెండు బ్యాగులు కట్టుకుని హైదరాబాద్‌ నుంచి బయల్దేరాం. కల్వకుర్తి దాటాక మలుపుల్లో బండి వెనకభాగం ఊగుతున్నట్టు అనిపించింది. ‘ఏవండీ, ఒకసారి ఆపి చూడకూడదూ..’ అంది మా ఆవిడ భుజం గట్టిగా పట్టుకుని. మన్ననూరులో పంక్చరు షాపు ముందు ఆపాం. గేజి పెడితే సరిగ్గా 32. ‘బాగానే ఉందిగా’ అన్నాను. షాపు పెద్దాయన నవ్వాడు.

‘టైరు వేడి మీదుంది సార్‌. సల్లారితే 28 గూడ ఉండదు. ఇద్దరెక్కిన్రు, మూటలు గట్టిన్రు.. గాలి ఒక్కనికి గూడ సాల్తలేదు!’

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నా బండికి కంపెనీ చెప్పిన లెక్క, వెనక టైరుకి ఒక్కరైతే 32, ఇద్దరైతే 36. అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. నేను వేడి మీద కొలిచి, ఉన్న గాలే తీయించాను. ముందున్నదేమో అడవి, ఆ తర్వాత ఘాటు రోడ్డు!

వేడితో తిరకాసు

టైరు పది డిగ్రీలు వేడెక్కితే గాలి ఒత్తిడి దాదాపు ఒకటిన్నర పిఎస్‌ఐ పెరుగుతుంది. అందుకే పొద్దున్నే, బండి తీయకముందు కొలవాలి. లేదా కనీసం మూడు గంటలు ఆపి ఉంచాక. వేడి మీద ఎక్కువ కనిపించినా గాలి తీయకూడదు.

గాలి తక్కువైతే టైరు పక్క గోడలు పదేపదే నలిగి ఇంకా వేడెక్కుతాయి. అంచులు అరుగుతాయి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మరీ తగ్గితే ట్యూబ్‌ టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగే ప్రమాదమూ ఉంది. ఎక్కువైతే టైరు నడిమిభాగమే నేలను తాకుతుంది. పట్టు తగ్గుతుంది, గుంతల్లో నడుం విరుగుతుంది.

క్రూయిజర్‌కే ఎందుకింత?

ఈ బండ్ల మీద కాళ్లు ముందుకు చాపి, వెనక్కి వాలి కూర్చుంటాం. బరువు చాలావరకు వెనక చక్రం మీదే. గుంత వస్తే లేచి నిలబడే వీలూ తక్కువ. 2005లో వచ్చిన అవెంజర్‌నే చూడండి. ముందు చక్రం 17 అంగుళాలు, వెనకది 15. వెనక టైరు వెడల్పు 130 మిల్లీమీటర్లు. ముందుదేమో 90. రెండింటికీ ఒకే గాలి పట్టిస్తే ఎలా?

ఎంత పట్టించాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు చెయిన్‌ కవరు దగ్గరో, స్వింగ్‌ ఆర్మ్‌ మీదో స్టిక్కరూ ఉంటుంది. టైరు పక్కన అచ్చయిన అంకె మాత్రం చూడొద్దు. అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ పరిమితి, మీ బండికి కావాల్సిన లెక్క కాదు. సొంత గేజి ఒకటి కొనుక్కుని వారానికోసారి, దూరం వెళ్లే ప్రతిసారీ చూసుకోండి. వాల్వు మూత పోతే వెంటనే కొత్తది పెట్టించండి.

ఆరోజు పెద్దాయన వేడి లెక్క కలిపి 40 పట్టాడు. మర్నాడు పొద్దున్నే శ్రీశైలంలో కొలిస్తే 36. ఘాటు రోడ్డులో బండి మళ్లీ నా మాట వింది.

ఇప్పుడు ఊరెళ్దామంటే మా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న.. ‘గాలి ఒక్కరికా, ఇద్దరికా?’