మన పిల్లల్ని ఏకలవ్యులు కమ్మనకండి



"ఇంట్లో చదువుకున్నోళ్లు లేకపోతే ఏంటి, ఏకలవ్యుడిలా సొంతంగా నేర్చుకోవాలి" అని మన పిల్లలకు చెప్పే పెద్దలు చాలామంది ఉన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్పడానికి ఈసారి అమెరికా వేటగాళ్ల సంగతి రాస్తున్నాను.

అక్కడ వేట ఎక్కువగా ఇంట్లో అబ్బే విద్య. జింకకు మన వాసన తగలకుండా గాలికి ఎటువైపు కూర్చోవాలి, అడుగుజాడ పాతదా కొత్తదా, పేగులు తీసి మాంసం చెడకుండా ఎలా చల్లబరచాలి, ఇవన్నీ తాతో నాన్నో పక్కనుండి నేర్పేవి. ఎవరి పొలంలోకి వెళ్లొచ్చు, యజమానిని ఎలా అడగాలి అనేది ఏ పుస్తకమూ పూర్తిగా నేర్పదు.

జనం పట్నాలకు పోయారు, వేటగాళ్లు తగ్గారు. అక్కడి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వేట లైసెన్సు ఫీజులు, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల మీద వచ్చే పన్ను పెద్ద ఆదాయం. వేటగాడు తగ్గితే ఖజానాకు దెబ్బ. అప్పుడు వాళ్లు "మీ నాన్న నేర్పలేదు కాబట్టి నీకు అర్హత లేదు" అనలేదు. క్లాసులు పెట్టారు. చాలా రాష్ట్రాలు కోర్సు పూర్తికాకముందే అప్రెంటిస్ లైసెన్సు ఇచ్చి, అనుభవమున్న వేటగాడి వెంట అడవికి పంపుతున్నాయి. నాన్న లేని చోట వ్యవస్థే నాన్నయింది.

అక్కడా అందరూ సమానం కాదు. 2016 జాతీయ సర్వేలో వేటగాళ్లలో 97 శాతం తెల్లవాళ్లే. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం, నల్లవాళ్లు అనుమతి లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరమంది. అయినా కడుపు కోసం వేటాడిన నల్లవాళ్లున్నారు. కానీ తుపాకీ, భూమీ ఎవరి చేతిలో ఉంటే వారసత్వం వాళ్లకే దక్కుతుంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. ప్రొఫెసర్ గారబ్బాయికి రీసెర్చ్ ప్రపోజల్ ఎలా రాయాలో భోజనాల దగ్గరే తెలుస్తుంది. దాన్ని మెరిట్ అంటారు. కూలికెళ్లే అమ్మ కూతురికి తెలియకపోతే వెనకబాటు అంటారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష మీద 2007లో నివేదిక ఇచ్చిన తోరట్ కమిటీకి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు చెప్పిందీ ఇదే: పాఠం చెప్పేవాళ్ల నుంచి రావాల్సిన సహకారం రావడం లేదని.

ఏకలవ్యుడు నిషాదుల బిడ్డ. గురువు కాదన్నాడు కాబట్టే మట్టిబొమ్మ ముందు నేర్చుకున్నాడు. అంతా నేర్చాక బొటనవేలు పోయింది. ఆ కథలో మెచ్చుకోవాల్సింది పిల్లాడి పట్టుదలైతే, నిలదీయాల్సింది గురువుని. మనం మొదటిది చెప్పి రెండోది మింగేస్తున్నాం.

నేను యూనివర్సిటీలో ఫెలోషిప్ ఫారం చేతిలో పట్టుకుని ఎవర్నీ అడగలేక తిరిగిన రోజున, ఒక సీనియర్ అన్న హాస్టల్ గదిలో తన పాత ఫైలు తీసి నా ముందు పెట్టాడు. "ముందు నాది చదువు తమ్ముడూ, తర్వాత నీది రాద్దాం" అన్నాడు. ఆ రాత్రి లేకపోతే ఈ రాతలు లేవు.

యూనివర్సిటీలు ఈ పని చెయ్యాలని కొట్లాడదాం. అది దయ కాదు, వాళ్ల బాధ్యత. అప్పటిదాకా సీనియర్లూ, మీ పాత ఫైలు బయటికి తియ్యండి. అడ్మిషన్లు మొదలయ్యాయి. గేటు దగ్గర ఫారం పట్టుకుని నిలబడ్డ చెల్లెలు తనంతట తాను అడగదు. మీరే వెళ్లి పలకరించండి.